బెల్లు కొట్టేవాడే కుర్చీలో కూర్చుంటే

నా నోట్లో నువ్వుగింజ నానదని మా ఆవిడ పెళ్ళయిన మూడో రోజే కనిపెట్టేసింది. నువ్వుగింజ దాకా ఎందుకండీ, గుమ్మడికాయ పెట్టినా నానదు. అలాంటి నన్ను పట్టుకుని గంటా నలభై నిమిషాలు నోరు మూయించారు మా కాలేజీలో. అదీ ఎలా? నా ఎదురుగా కూర్చుని, నా గురించే మాట్లాడుకుంటూ!

నేను కాలేజీలో బెల్లు కొడతాను. ఇరవై రెండేళ్ళయింది. మాది చిన్న కాలేజీ. ఎంత చిన్నదంటే ఈ చివర ఎవరైనా తుమ్మితే ఆ చివర లెక్కల సారు లెక్క తప్పుతారు. బెల్లంటే వరండాలో వేలాడదీసిన రైలుపట్టా ముక్క. సుత్తి మాత్రం నా నడుముకే ఉంటుంది. అక్కడే వదిలేస్తే పిల్లలు పదకొండింటికే సాయంత్రం చేసేస్తారు మరి. నేను గట్టిగా ఒక్కటిచ్చానంటే మూడు వీధుల అవతల కోర్టులో జడ్జిగారు ముద్దాయిని బోనులోనే వదిలేసి భోజనానికి వెళ్ళిపోతారు. నమ్మకపోతే ఆ ముద్దాయిని అడగండి. ఇంకా అక్కడే నించున్నాడు.

మా కాలేజీలో మెట్ల కింద ఒక గదుంది. అందులో ఒక మేడం కథలు రాయడం నేర్పుతుంది. మొదట్లో నాకు నవ్వొచ్చింది. కథలు నేర్పడమేంటి, ఆవలింత నేర్పినట్టు? కానీ మంగళవారం రెండింటికి టీ గ్లాసులు పట్టుకెళ్ళి గుమ్మంలో నించుంటే కాళ్ళు కదిలేవి కావు. వాళ్ళ పద్ధతి చిత్రంగా ఉంటుంది. రాసినవాళ్ళు గది మధ్యలో కుర్చీలో కూర్చోవాలి. వాళ్ళ కథని ఇంకొకళ్ళు పైకి చదువుతారు. తర్వాత మిగతా వాళ్ళంతా దాన్ని దూదేకినట్టు ఏకుతారు. బెల్లు కొట్టేదాకా కుర్చీలో మనిషి నోరు తెరవకూడదు, లేవకూడదు. బెల్లయ్యాక ఎవరో ఒకరు ఒకే ఒక్క ప్రశ్న అడుగుతారు. దానికి నిజం చెప్పాలి.

"కథలో ఎన్ని అబద్ధాలైనా ఆడండి. జవాబులో మాత్రం ఒక్కటి కూడా కుదరదు" అంటుంది మేడం. ఆ గదిలో ఆ మాట ఎవరూ తప్పలేదు. ఒకబ్బాయి తన కథలో దొంగ తనేనని ఒప్పుకుని, పక్కవాడి గడియారం తీసి ఇచ్చేశాడు కూడా.

ఇలా సాగుతుంటే ఒకమ్మాయికి ఉద్యోగం వచ్చి వెళ్ళిపోయింది. తొమ్మిది మంది మిగిలారు. పైనుంచి కాయితం వచ్చింది: తనిఖీ రోజున పదిమంది లేకపోతే క్లాసు మూసేస్తారట. పిల్లల్ని కామర్స్ సెక్షన్‌లో కలిపేస్తారట. మేడం ఇంటికేనట.

మేడం వరండాలో కాలుగాలిన పిల్లిలా తిరగడం మొదలెట్టింది. ఆ చివర నుంచి ఈ చివరకి, ఈ చివర నుంచి ఆ చివరకి. చూస్తున్న నాకే కాళ్ళు నొప్పులు పుట్టాయి.

"నన్ను రాసుకోండి మేడం, పదోవాణ్ణి" అన్నాను, ఊరికే నవ్వించడానికి.

ఆవిడ ఠక్కున ఆగింది. "బాబాయ్, ఇక్కడ పనిచేసేవాళ్ళు ఏ క్లాసులోనైనా చేరొచ్చు. ప్రిన్సిపాల్ గారి సంతకం ఉంటే చాలు."

ప్రిన్సిపాల్ గారు మూడు నిమిషాలు నవ్వి, కళ్ళు తుడుచుకుని సంతకం పెట్టారు. అప్పటినుంచి ప్రతి మంగళవారం బెంచీ మీద నేనూ కూర్చున్నాను. మూడు కొట్టే వేళకి లేచి వెళ్ళి బెల్లు కొట్టి మళ్ళీ వచ్చి కూర్చునేవాణ్ణి. ఇబ్బందేం లేదు.

ఇబ్బంది ఎక్కడొచ్చిందంటే, తనిఖీ ఆఫీసరు వచ్చే మంగళవారం కుర్చీ వంతు నాది. నాకు సంతకం తప్ప రాయడం రాదు, అందుకని నేను చెబుతుంటే మా క్లాసులో కళ్ళజోడు పిల్ల రాసిపెట్టింది. ఏ కథ చెప్పాలా అని ఆలోచించకుండా, నోటికి అలవాటైన వరద కథ చెప్పేశాను. అక్కడే తప్పులో కాలేశాను.

ఆ కథ పన్నెండేళ్ళుగా చెబుతున్నాను. దానికింద ఒక నిజం ఉంది. మీకు చెబుతాను, మీరు ఆఫీసరు కాదు కదా.

పన్నెండేళ్ళ కిందట వరదొచ్చి లైబ్రరీలో ఛాతీ లోతు నీళ్ళు నిలిచాయి. నీళ్ళు తీశాక చూస్తే కింది అరల్లో పుస్తకాలన్నీ నానిన రొట్టెముక్కల్లా ఉన్నాయి. తాళంచెవి నా దగ్గరే. ఊళ్ళో ఇంకెవరూ కదిలే పరిస్థితి లేదు. మా ఆవిడది కాలేజీ గోడవారన ఇస్త్రీ బండి. "పెట్టె పట్రావే, పేజీ పేజీ ఇస్త్రీ చేద్దాం" అన్నాను. తెచ్చింది. కానీ అది బొగ్గుల పెట్టె. బొగ్గులు తడిసిపోయాయి. కట్టెలు తడిసిపోయాయి. వీధి వీధంతా పిండితే కారేలా ఉంది. నేను మోకాళ్ళ లోతు బురదలో నించుని "తడిసినవి ఒక్కటి కూడా పోవడానికి వీల్లేదు!" అని అరుస్తూ ఒక్కోటీ అందించాను. ఆవిడ వరండాలో పొయ్యి పెట్టి నిప్పులు చేసుకుంటూ నాలుగు రోజులు ఇస్త్రీ చేసింది. మూడో రోజు తలెత్తి చూద్దును కదా, పై అర ఖాళీ.

నీళ్ళు అందని అర అది. ఊరు మొత్తానికి పొడిగా మిగిలినవి ఆ పుస్తకాలే. వాటిని కాల్చి వీటిని ఆరబెట్టామన్నమాట.

ప్రిన్సిపాల్ గారితో "పై అర వరద పట్టుకుపోయిందండీ" అన్నాను. వరద నోరులేనిది, ఏం మోపినా మోస్తుంది. ఎవరికీ చెప్పనని మా ఆవిడకి మాటిచ్చాను. ఆ మాట కప్పెట్టడానికే సూర్యుణ్ణీ చేపల్నీ తెచ్చి కథలో పోశాను. మా ఆవిణ్ణి మాత్రం కథలోంచి తీసేశాను.

సోమవారం ఈ సంగతి విని ఆవిడ పెట్టె ఠపీమని చొక్కా మీద పెట్టింది.

"ఊళ్ళో ఇంకే కథా దొరకలేదా నీకు?"

"కథ కదే! కథని ఎవరు నమ్ముతారు?"

"నమ్మరు. తవ్వుతారు. ఏడాదిగా చూస్తున్నావు కదా ఆ గదిలో ఏం చేస్తారో. బయటపడితే నీ ఉద్యోగం, గోడవారన నా బండి, రెండూ గోవిందా."

"నోరు తెరవనుగా? కుర్చీలో మాట్లాడకూడదు."

"నువ్వా! మాట్లాడకుండానా!" అని ఎంతసేపు నవ్విందంటే, పెట్టె కింద చొక్కా కాలరు మాడిపోయింది.

మంగళవారం వచ్చింది. ఆఫీసరు గారు గోడవారన కుర్చీలో కూర్చున్నారు. ఆయన మొహం తాళం వేసిన బీరువాలా ఉంది. నేను మధ్య కుర్చీలో. మేడం నా చెవిలో "బాబాయ్, ఏం జరిగినా సరే" అంది. ఏం జరిగినా సరే, తర్వాత ఏమిటో చెప్పలేదు. హాజరు పుస్తకం తిరగేసి పట్టుకుని పక్కకి వెళ్ళి నించుంది.

కళ్ళజోడు పిల్ల చదవడం మొదలెట్టింది. నా మాటలే, కానీ ఆ గొంతులో వింటుంటే ఎవరివో అనిపించాయి. "నీళ్ళు నా గడ్డం దాకా వచ్చాయి. ఒక వాలుగ చేప వార్తాపత్రిక మింగి, మర్నాడు ఊళ్ళో సంగతులన్నీ చెప్పింది. నేను బెంచీలు కట్టి తెప్ప చేసి, నాలుగు వేల పుస్తకాలు ఒక్క మధ్యాహ్నంలో మేడ మీదకి చేర్చాను. ఆరబెట్టడం ఎలా? కొక్కెం వేసి సూర్యుణ్ణి కిందకి లాగి కిటికీ చువ్వకి కట్టేశాను. సాయంత్రం విప్పుదామంటే ముడి పడిపోయింది. అందుకే ఆ ఏడాది మా ఊళ్ళో పొద్దు ఆలస్యంగా గుంకింది."

పిల్లలు పడి పడి నవ్వారు. ఆఫీసరు నవ్వలేదు కానీ పెన్ను మూత తీశారు. నేను ఉబ్బిపోయాను. ఇంకేం, గట్టెక్కాం అనుకున్నాను.

"నాకో అనుమానం" అన్నాడు సణుగుడు. వాడి అసలు పేరు వాళ్ళమ్మక్కూడా గుర్తుండదు. వాడు స్వర్గంలో కూర్చోబెట్టినా కుర్చీ కిర్రుమంటోందంటాడు. "ఈ కథలో అన్నీ పెద్దవే. నీళ్ళు పెద్దవి, చేప పెద్దది. కానీ మనిషి ఒక్కడే. నాలుగు వేల పుస్తకాలు తెప్పలోంచి అందిస్తుంటే, మేడ మీద అందుకున్నది ఎవరు?"

"అవును, రెండో పేజీలో 'ఇదిగో పట్టుకో' అంటాడు. ఎవరితో?" అంది కళ్ళజోడు.

"చేపతోనేమో" అన్నారెవరో.

"చేపకి చేతులేవి?"

నా అరికాళ్ళలో చీమలు పాకాయి. నాకు జవాబు తెలుసు. ఒకటి కాదు, ఆరు జవాబులు తెలుసు. కోతిని పెట్టానని చెప్పొచ్చు, తాడూ గిలకా అని చెప్పొచ్చు. నాలుక పళ్ళ వెనక గుర్రంలా కాలు దువ్వుతోంది. పళ్ళు బిగించి కుక్కిన పేనులా కూర్చున్నాను.

మూడు ఎప్పుడవుతుందా అని గోడ గడియారం వంక చూశాను. మూడూ ఐదు.

అరె, బెల్లు కొట్టలేదేంటి అనుకున్నాను. ఈ వెధవెవడో నిద్రపోతున్నట్టున్నాడు అని తిట్టుకున్నాను కూడా. మూడూ ఏడుకి తట్టింది. ఆ వెధవని నేనే!

సుత్తి నా నడుముకే ఉంది. బెల్లయ్యేదాకా నేను కుర్చీలోంచి లేవకూడదు. నేను లేవకపోతే బెల్లవదు. నోరు తెరిచి ఆ మాట చెబుదామా అంటే బెల్లయ్యేదాకా నోరు తెరవకూడదు. ముందు నుయ్యి, వెనక గొయ్యి, మధ్యలో ఈ కుర్చీ. మేడం వైపు చూసి కనుబొమలు ఎగరేశాను. గడియారం వైపు గడ్డం చూపించాను. సుత్తితో తొడ మీద కొట్టుకున్నాను.

"చూడండి, రాసినాయన ఎంత కదిలిపోతున్నాడో" అంది వెనక బెంచీ అమ్మాయి, జాలిగా.

"కదలకు బాబాయ్" అని మేడం కళ్ళతోనే గద్దించింది.

మూడుంపావు. సణుగుడు లేచి పక్కనున్న లైబ్రరీలోకి వెళ్ళి నాలుగు పుస్తకాలు చంకన పెట్టుకొచ్చాడు. నా ప్రాణం సగం అక్కడే పోయింది.

"ఎప్పట్నుంచో అడుగుదామనుకుంటున్నా. మన లైబ్రరీలో ఏ పాత పుస్తకం తీసినా ఇది ఉంటుంది" అని పేజీ విప్పి అందరికీ చూపించాడు. లేత గోధుమరంగులో మూడు మూలల మచ్చ. ఇంకో పుస్తకంలో ఇంకోటి. "సూర్యుడికి ఇలాంటి ముక్కుంటుందా?"

కళ్ళజోడు ముందుకు వంగి వేలితో మచ్చ అంచు తడిమింది. "ఇస్త్రీపెట్టె ముక్కు ఇది. ఒక చోట ఎక్కువసేపు ఆగితే పడుతుంది. మా చొక్కాల మీదా ఇలాగే..." అని ఆగిపోయింది.

"కథలో ఇస్త్రీపెట్టె లేదు" అన్నాడు సణుగుడు.

"అంటే ఇస్త్రీ చేసిన మనిషి కూడా లేదన్నమాట" అంది కళ్ళజోడు. "ఒక్కో పేజీ ఇలా నొక్కాలంటే ఎన్ని రోజులు పడుతుంది? ఇంత పని చేసిన మనిషి ఈ కథలో ఎందుకు లేదు?"

అందరూ ఒక్కసారి కిటికీలోంచి గోడవారన బండి వైపు చూశారు. తేలు కుట్టిన దొంగలా ఉంది నా పని. కుట్టడం కుడుతోంది, అరవడానికి లేదు. చెమట జారి సుత్తి పిడి తడిసింది. కాళ్ళు వాటంతట అవే ఆడుతున్నాయి. ఒక కాలు ఆపితే రెండోది మొదలెడుతోంది. అలా తొక్కుతుంటే ఆ గది కిందకి నాలుగంగుళాలు దిగిందంటే నమ్మండి.

మొదటిసారి ఆఫీసరు గారు గొంతు సవరించుకున్నారు. "ఊరంతా వరద కదా. పెట్టెలోకి నిప్పులెక్కడివి?"

నిప్పు లేనిదే పొగ రాదంటారు. నాకు మాత్రం రెండు చెవుల్లోంచీ వచ్చింది.

సరిగ్గా అప్పుడు ప్రిన్సిపాల్ గారు రొప్పుతూ గుమ్మంలోకి వచ్చిపడ్డారు. "బెల్లేదయ్యా! మూడూ నలభై! కెమిస్ట్రీ సారు అదే పాఠం మూడోసారి చెబుతున్నారు! పిల్లలు గేటు దగ్గర..." అప్పుడు నన్ను చూశారు. కుర్చీని చూశారు. నా నడుముకున్న సుత్తిని చూశారు.

మేడం నెత్తి మీద చెయ్యి పెట్టుకుంది. "అయ్యో, బెల్లు కొట్టేవాణ్ణే కూర్చోబెట్టాను!"

గది గొల్లుమంది. "లేవయ్యా, వెళ్ళి కొట్టు!" అన్నారు ప్రిన్సిపాల్ గారు. నేను మేడం వైపు చూశాను. ఆవిడ తలూపాకే లేచాను.

మెట్ల కింద నుంచి రైలుపట్టా దాకా ముప్ఫై అడుగులు. ఆ ముప్ఫై అడుగుల్లో మూడు అబద్ధాలు అల్లాను. ఒకటి కంటే ఒకటి బావుంది. బొగ్గుల పడవ కొట్టుకొచ్చిందని ఒకటి, పిడుగు పడి పెట్టె దానంతటదే కాగిందని రెండోది. మూడోది ఎంత బాగా వచ్చిందంటే, చెప్పకుండా పోయిందే అని ఇప్పటికీ బాధే. బెల్లు కొట్టి తిరిగొచ్చేసరికి అందరూ అలాగే ఉన్నారు. నా కుర్చీ ఖాళీగా నాకోసం చూస్తోంది.

"ఒక్క ప్రశ్న" అంది మేడం.

"నేనడగొచ్చా?" అన్నారు ఆఫీసరు.

మేడం పిల్లల వైపు చూసింది. పిల్లలు తలలూపారు. ఆయన పెన్ను కింద పెట్టి నన్నడిగారు. "ఏం కాల్చి ఆ పెట్టె వేడి చేశారు?"

గుమ్మంలో ప్రిన్సిపాల్ గారు. బొగ్గుల పడవ నాలుక చివరకి వచ్చేసింది. మేడం వైపు చూస్తే ఆవిడ నా వైపు చూడట్లేదు, నేల వైపు చూస్తోంది. నేనేం చెప్పినా నమ్మాలని నిర్ణయించుకున్నట్టుంది. అదే నా కొంప ముంచింది. అనుమానంగా చూసుంటే హాయిగా ఓ కోత కోసేసేవాణ్ణి.

"పై అర పుస్తకాలండీ" అన్నాను. "పొడిగా ఉన్నవి. తడిసినవి ఆరబెట్టడానికి. ఇస్త్రీ చేసింది మా ఆవిడ. పాపం, ఆవిడకి తెలీదండీ, చదువు రాదు. నేను తడిసినవి కాపాడమన్నాను, కాపాడింది."

నా జీవితంలో అంత చిన్న కథ చెప్పలేదు. నోట్లో ఉప్పు లేనట్టుంది.

"పొడివి కాల్చి తడివి ఆరబెట్టారా! ఎన్ని కాల్చా..." అని ఆఫీసరు మొదలెట్టారో లేదో, సణుగుడు చెయ్యెత్తాడు. "ఒక్క ప్రశ్నే సార్."

మేడం కళ్ళు మూసుకుంది. ఆఫీసరు గారు నోరు తెరిచినవారు తెరిచినట్టే ఉండి, మెల్లగా మూసి, "సరే" అన్నారు. మేడం చేతిలోంచి హాజరు పుస్తకం తీసుకుని, పేర్లు లెక్కపెట్టి, పదో పేరు దగ్గర ఒకసారి ఆగి, సంతకం చేశారు. క్లాసు ఉంటుందని శుక్రవారం కాయితం వచ్చింది. మేడం వరండాలో నడిచింది, మామూలు మనుషుల్లాగా, ఒకే వైపుకి.

నాకూ ఒక కాయితం వచ్చింది. ఉద్యోగం తీయలేదు, బండి జోలికి పోలేదు. కానీ ప్రిన్సిపాల్ గారు చెయ్యి చాపారు. నేను లైబ్రరీ తాళంచెవి ఆ చేతిలో పెట్టాను. ఇరవై రెండేళ్ళ చెవి. జేబు తేలికైపోయి నడక వంకర పోయింది.

ఇంటి దగ్గర అసలు తనిఖీ అప్పుడు మొదలైంది. మా ఆవిడ రెండు రోజులు మాట్లాడలేదు. నా చొక్కా ఒక వైపే ఇస్త్రీ చేసి పెట్టింది. మూడో రోజు అడిగింది, "నా గురించి ఏం చెప్పావు?"

"నీ తప్పేం లేదనే చెప్పానే. తెలీక కాల్చావని. చదువు రాదని."

అరికాలి మంట నెత్తికెక్కింది ఆవిడకి. మాటిచ్చి తప్పినందుక్కాదు. "తెలీకా? నాకా?" అంది, అంతే.

తర్వాతి మంగళవారం రెండుంపావుకి, కొంగున చేతులు తుడుచుకుంటూ మెట్ల కింద గదిలోకి వచ్చి నించుంది. పిల్లలు "రా పిన్నీ, కూర్చో" అన్నారు. కూర్చోలేదు.

"మీ బాబాయి తప్పు చెప్పాడర్రా" అంది. "నాకు చదువు రాదు, నిజమే. కళ్ళున్నాయి కదా? ప్రతి పుస్తకానికీ వెనకట్ట లోపల ఒక కాయితం అంటించి ఉంటుంది. ఎవరైనా పట్టికెళ్ళినప్పుడల్లా దాని మీద ముద్ర గుద్దుతారు. పై అరలో ఒక్కోటీ తీసి చూశాను. ముద్రలున్నవి పక్కన పెట్టి గుడ్డలో కట్టాను, తర్వాత కింది అరల్లో కలిపేశాను. ఆ కాయితం తెల్లగా ఉన్నవే పొయ్యిలో పెట్టాను. కింద తడిసినవాటికి నిండా ముద్రలే, ఖాళీ లేకుండా. ఏవి ఉంచాలో ఏవి పోవాలో ఈయన బురదలో అరుస్తుంటే నేను తేల్చాను. తెలీక కాదు."

నేను నోరు తెరిచాను. మేడం వేలు చూపించింది. మూసేశాను.

"మరి ఒక్కటి కూడా బాధనిపించలేదా పిన్నీ?" అని అడిగింది కళ్ళజోడు.

మా ఆవిడ గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగింది. "ఒకటి పొయ్యిలో సగం పెట్టి లాగేశాను. ఒకే ఒక్క ముద్ర ఉంది, చెరిగిపోయి. ముందు కనపడలేదు. ఎవరో ఒకళ్ళు చదివారు కదా అని, పనంతా అయ్యాక మళ్ళీ పై అర మీద పెట్టాను. మూల కాలి ఉంటుంది. పెట్టె కాలుతోంది, వస్తా" అని వెళ్ళిపోయింది.

ఎవరూ కూర్చోలేకపోయారు. సణుగుడు ముందు లేచాడు, వాడి వెనక అందరూ. లైబ్రరీకి తాళం. చెవి ప్రిన్సిపాల్ గారి దగ్గర, ప్రిన్సిపాల్ గారు ఊళ్ళో లేరు. పిల్లలు కిటికీ చువ్వలు పట్టుకుని, ఒకళ్ళ భుజం మీంచి ఒకళ్ళు, పై అర వైపు మెడలు సాచి చూస్తున్నారు.

"అదిగో, ఆ మూలది!"

"కాదు, దాని పక్కది. నల్లగా ఉంది చూడు."

"అది నీడ!"

"జరగండర్రా" అని నేనూ తల దూర్చాను.